బడులు తెరిచేస్తున్నారు, మా ఇంట్లో ఇంకా తొమ్మిదింటికే తెల్లారుతోంది

ఇద్దరి అమ్మ, విజయనగరం
మే 28, రాత్రి 11.10

జూన్ 12న బడులు తెరుస్తారు. మా పెద్దాడు ఐదులోకి, చిన్నది రెండులోకి వచ్చారు. సెలవులన్నీ రాజాం దగ్గర పల్లెలో, అమ్మమ్మగారింట్లో గడిపి మొన్ననే దిగారు. అక్కడ మామిడితోట, తాటి ముంజలు, మేడ మీద పడకలు, అర్ధరాత్రి దాకా కబుర్లు. లేచేది తొమ్మిదికి. ఇక్కడికొచ్చినా అదే వరస. స్కూలు బస్సేమో మా వీధి చివరికి 7.40కి వచ్చేస్తుంది. నిరుడు జూన్ నెలంతా మా ఇంట్లో రోజూ యుద్ధమే. ఒకడికి సాక్సు దొరకదు, ఒకర్తి బాత్రూంలో కూర్చునే నిద్రపోతుంది, నేను దోసె ముక్క చేత్తో పట్టుకుని వాళ్ల వెనక పరుగు. ఈసారి ముందు నుంచే అలవాటు చేద్దామనుకుంటున్నాను. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారో చెప్పండి. పుస్తకాల్లో రాసేవి వద్దు, నిజంగా చేసేవి చెప్పండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. మావారికి విశాఖలో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లి రావడం. ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదింపావు. నాన్న వచ్చేదాకా వీళ్లు పడుకోరు.

లెక్కల మేస్టారు, చీపురుపల్లి
మే 29, ఉదయం 5.05

అమ్మా, మీరీ సంగతి రాసింది రాత్రి పదకొండు దాటాక. పిల్లల సంగతి తర్వాత చూద్దాం!

సరదాకన్నాను, ఏమనుకోకండి. నేను రిటైరయ్యాను గానీ నాలుగింటికి మెలకువ మాత్రం మానలేదు. నా సలహా ఒకటే. నాలుగున్నరకి లేపి ముఖాన చన్నీళ్లు కొట్టండి. వారం రోజులు ఏడుస్తారు, తర్వాత వాళ్లే లేస్తారు. మేమంతా లాంతరు దగ్గర తెల్లవారుజామున చదువుకున్నవాళ్లమే. ఆ వేళ ఎక్కిన ఎక్కాలు ఈనాటికీ మర్చిపోలేదు.

పిల్లల వార్డు, శ్రీకాకుళం
మే 29, మధ్యాహ్నం 2.30

మేస్టారూ, నమస్కారం. లాంతరు రోజుల్లో మీరు ఎన్నింటికి పడుకునేవారో కూడా చెప్పాలి మరి. ఎనిమిదికల్లా ఊరు ఊరంతా సద్దుమణిగేది కదా. నాలుగింటికి లేచినా ఎనిమిది గంటల నిద్ర అయ్యేది. ఇప్పుడు పదిన్నరకి పడుకునేవాణ్ని నాలుగున్నరకి లేపితే మిగిలేది ఆరు గంటలు. వాడికి ఎక్కాలు ఎక్కవు సరికదా, రెండో పీరియడ్‌కే బల్ల మీద తల వాలుస్తాడు.

నేను పిల్లల వార్డులో నర్సుని. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకి 8 నుంచి 10. అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పిన లెక్క ఇది. ఇద్దరి అమ్మ గారూ, మీ బస్సు 7.40కి అంటే పిల్లలు 6.15కి లేవాలి. అక్కణ్నుంచి తొమ్మిది గంటలు వెనక్కి వెళ్తే రాత్రి 9.15. అదీ తక్కువలో తక్కువ. అంటే మీవారు గుమ్మంలో చెప్పులు విప్పే వేళకి వీళ్లు గురక పెడుతుండాలి. మీ అసలు చిక్కు అక్కడే ఉంది.

ఒక మాట. ముందు పడుకునే టైము మార్చాలని చూడకండి. నిద్ర రానివాణ్ని చీకట్లో పడుకోబెడితే గొడవ తప్ప ఏమీ ఉండదు. లేచే టైము జరపండి. తొమ్మిది నుంచి ఆరుంపావుకి రావాలంటే, రోజుకి పదిహేను నిమిషాల చొప్పున పదకొండు రోజులు. ఇవాళ మొదలుపెడితే బడి తెరిచేలోపు సరిపోతుంది. లేవగానే బ్రష్షు చేతికిచ్చి వాకిట్లోకి పంపండి. పొద్దుటి వెలుతురు కంట్లో పడితే ఒంట్లో ఉన్న గడియారం ముందుకి జరుగుతుంది. రాత్రి ఫోను వెలుతురు దాన్ని వెనక్కి లాగుతుంది, నిద్ర తెప్పించే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. ఈ పదకొండు రోజులూ మధ్యాహ్నం నిద్ర వద్దు. సాయంత్రం టీ కూడా వద్దు. మన వైపు పిల్లలకి టీలో బిస్కెట్ అద్ది పెట్టడం మామూలే గానీ, నాలుగు దాటాక అది నిద్రకి శత్రువు.

కిరాణా కొట్టు, నరసన్నపేట
మే 29, రాత్రి 10.20

నర్సమ్మగారి లెక్క బాగుంది. మాలాంటోళ్ల సంగతేంటి? కొట్టు కట్టేసరికి తొమ్మిదిన్నర. మా ఆవిడా నాతోనే ఉంటుంది. పిల్లలు గల్లాపెట్టె పక్కనే హోంవర్క్ రాసుకుని, అక్కడే ఫోను చూసుకుంటూ ఉంటారు. అన్నం తినేసరికి పది. వ్యాపారం మానుకోలేం కదా.

గంటస్తంభం, విజయనగరం
మే 30, ఉదయం 6.50

ఇద్దరి అమ్మ గారూ, నేనూ ఆ రైలు బాపతే. నాన్న వచ్చేది తొమ్మిదింపావుకి అయితే నాన్నతో గడిపే టైము రాత్రిపూట ఉండకూడదు, అంతే. మా అమ్మాయి యూకేజీలో ఉండగానే మా ఆవిడ ఒక షరతు పెట్టింది. నేను ఇంటికొచ్చేసరికి పిల్ల పడక మీద ఉండాలి. మేలుకుని ఉంటే పక్కన పది నిమిషాలు కూర్చోవచ్చు గానీ ఎత్తుకుని హాల్లోకి తీసుకురాకూడదు. ఫోను చూపించకూడదు. కితకితలు అసలే పెట్టకూడదు. తండ్రి రాగానే పిల్లలకి వచ్చే హుషారు ఉందే, అది దిగడానికి గంట పడుతుంది.

బదులుగా పొద్దున్న నాది. మన దగ్గర జూన్‌లో అయిదుంబావుకే తెల్లారిపోతుంది. రాష్ట్రంలో అందరికంటే ముందు సూర్యుడు మన ఉత్తరాంధ్ర వాళ్లకే కనిపిస్తాడు, అది మనం వాడుకోం. ఆరింటికి అమ్మాయిని తీసుకుని అయ్యకోనేరు గట్టు మీద ఒక చుట్టు తిరిగొస్తాను. బడి కబుర్లన్నీ అప్పుడే చెప్తుంది. రాత్రి అడిగితే 'ఏమీ లేదు' అనే పిల్ల, గట్టు మీద నడుస్తుంటే టీచరు చీర రంగుతో సహా చెప్తుంది. మీవారు వెళ్లేది ఏ బండికి?

ఇద్దరి అమ్మ, విజయనగరం
మే 30, మధ్యాహ్నం 1.15

ఎనిమిది దాటాకే బయల్దేరతారండి. పొద్దున్న ఖాళీయే. పేపరు పట్టుకుని కూర్చుంటారు. ఈ పోస్టు ఆయనకి చూపించాను. 'చూద్దాం' అన్నారు. మా ఇంట్లో చూద్దాం అంటే ఏంటో నాకు తెలుసు.

ఇంకో సంగతి దాచాను, చెప్పక తప్పదు. మా అత్తయ్యగారి సీరియళ్లు ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. మాది ఒక హాలు, ఒక గది. పిల్లలు చూడకపోయినా వినపడుతుంది. పెద్దావిడకి ఎలా చెప్పను?

చోడి అంబలి, బొబ్బిలి
మే 30, సాయంత్రం 4.40

అక్కా, చెప్పొద్దు. అడుగు. 'అత్తయ్యా, పిల్లల్ని పడుకోబెట్టడం నా వల్ల కావట్లేదు, మీరైతే వింటారు' అను. మా ఇంట్లో అలాగే జరిగింది. మా అత్తగారికి ఎనిమిదిన్నర నుంచి అరగంట మనవడి డ్యూటీ. పక్కన పడుకుని వాళ్ల ఊరి సంగతులు, దెయ్యం కథలు (వద్దన్నా మానరు) చెప్తారు. ఆ అరగంట సీరియల్ మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వేస్తాడు, అప్పుడు చూస్తారు. ఒకవేళ ఈ కోడలు చెప్పింది కాబట్టి మానాలి అని వచ్చిందనుకో, ఆవిడ సౌండు ఇంకో రెండు పెంచుతుంది. అత్తగార్లంతా అంతే.

ఉద్దానం కొబ్బరి, కవిటి
మే 31, రాత్రి 8.05

అందరికీ నమస్కారం. రాస్తున్నది మా మనవరాలు, నేను చెప్తున్నాను. పెద్ద గుంట తొమ్మిదిలోకి వచ్చింది, చిన్న గుంటడు నాలుగు. మా అబ్బాయి, కోడలు హైదరాబాదులో బిల్డింగు పనికి వెళ్లారు. పండక్కి వస్తారు. వాళ్లు పని నుంచి వచ్చి, వండుకుని తిని, ఫోను చేసేసరికి రాత్రి పది. వీడియో కాల్. అమ్మని చూసిన దగ్గర్నుంచి చిన్నోడు ఒకటే ఏడుపు, ఏ పన్నెండింటికో పడుకుంటాడు. పొద్దున్న లేపితే కడుపు నొప్పి అంటాడు. ఫోను ఎత్తొద్దంటే తల్లి ఏడుస్తాది. ఏటి సెయ్యమంటారు?

(నేను మనవరాలిని. నన్ను గుంట అనొద్దని చెప్పినా మామ్మ వినదు. నేను పదిన్నరకే పడుకుంటాను. మామ్మే లైటు తీయదు.)

పిల్లల వార్డు, శ్రీకాకుళం
మే 31, రాత్రి 9.00

మామ్మగారూ, ఇది మన జిల్లాలో ఎన్ని ఇళ్ల కథో. మీ మనవడి కడుపు నొప్పి దొంగ నొప్పి అనుకోకండి. నిద్ర చాలకా, దిగులుతోనూ పిల్లలకి నిజంగానే కడుపు నొప్పి వస్తుంది. పగలు ఆడుకుంటుంటే తగ్గిపోయేదైతే కంగారు లేదు. నిద్రలోంచి లేపే నొప్పి, వాంతులు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం డాక్టరుకి చూపించాలి.

కాల్ మానొద్దు. దాన్ని విడగొట్టండి. ఆదివారం పగలు వీడియో కాల్, తనివితీరా. మిగతా రోజుల్లో ఏడున్నరకి బాబు చేత వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టించండి. ఏం తిన్నాడు, ఎవడితో కొట్లాడాడు, ఏదైనా సరే. తల్లి పని నుంచి వచ్చాక విని, తనూ వాయిస్ పెడుతుంది. అది వాడు పొద్దున్న లేవగానే వింటాడు. పొద్దున్నే అమ్మ గొంతు వినాలంటే ముందు లేవాలి కదా, ఆ ఆశ ఒకటి ఉంటుంది. వార్డులో తల్లి ఊరెళ్లిపోయి నాన్నమ్మ దగ్గర ఉన్న పిల్లలకి మేం ఇలాగే చేయిస్తాం. ఒకటి రెండు రాత్రులు గొడవ చేస్తాడు, తట్టుకోండి.

మనవరాలూ, నీకు కూడా ఎనిమిది గంటలకి తగ్గకూడదు. లైటు సంగతి మామ్మతో మాట్లాడతాను.

ఉద్దానం కొబ్బరి, కవిటి
జూన్ 1, ఉదయం 7.30

లైటు గురించి అన్నారు కాబట్టి చెప్తున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా తోటలన్నీ పడగొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. టీవీ లేదు, ఫోన్లకి చార్జింగు లేదు. ఊళ్లో పిల్లలంతా ఏడున్నరకే నిద్ర. కాకులతో లేచేవారు, ఎవరూ లేపక్కర్లేకపోయింది. కరెంటు వచ్చింది, రెండో రోజుకే మళ్లీ పది. అంత కష్టంలో ఆ ఒక్కటే బాగుందని అప్పుడు మా ఆయన అన్నాడు.

లెక్కల మేస్టారు, చీపురుపల్లి
జూన్ 1, ఉదయం 8.10

చూశారా, లాంతరే నయమని నేను చెప్పలేదా.

అది అలా ఉంచండి. నర్సమ్మ లెక్క నేను మళ్లీ వేసి చూశాను, తప్పు లేదు. నాలుగున్నర మాట వెనక్కి తీసుకోను గానీ, ఎనిమిదికి పడుకునే ఇళ్లకే వర్తిస్తుందని చేర్చుకోండి.

ఐదో తరగతి టీచరు, ఆమదాలవలస మండలం
జూన్ 1, రాత్రి 7.45

నేను ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. నిద్ర గురించి అందరూ చెప్పారు, పొద్దుటి తిండి గురించి ఒక్కరూ చెప్పలేదు. జూన్‌లో తొమ్మిది గంటల ప్రేయర్‌కే ఎండ మాడు పగలగొడుతుంది. ప్రతి ఏడూ మొదటి వారంలో ఎవరో ఒకరు కళ్లు తిరిగి కూలబడతారు. 'పొద్దున్న ఏం తిన్నావురా' అంటే 'టీ తాగాను సార్'. బడిలో వారానికి మూడు రోజులు రాగి జావ ఇస్తున్నారు కదా అని కొందరు ఇంట్లో ఏమీ పెట్టకుండా పంపిస్తున్నారు. అది అదనం, టిఫినుకి బదులు కాదు. మధ్యాహ్న భోజనం పెట్టేసరికి పన్నెండు దాటుతుంది. రాత్రి ఏడింటికి తిన్న పిల్లాడు అప్పటిదాకా ఎలా ఉంటాడు?

ఇడ్లీలు, దోసెలే అక్కర్లేదు. పైన బొబ్బిలి ఆవిడ పేరులోనే ఉంది జవాబు. చోడి అంబలి, అంటే రాగి అంబలి, రాత్రే కాచి పెట్టుకుంటే పొద్దున్న మజ్జిగ, ఉప్పు కలిపి గ్లాసుడు ఇవ్వడమే. చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ. మా బడిలో చద్దన్నం తిని వచ్చేవాడు ఎప్పుడూ కూలబడలేదు. తినబుద్ధి కావట్లేదనే పిల్లలకి అసలు సంగతి, లేచి పావుగంటే అయ్యింది. కడుపు మేలుకోవడానికి అరగంటైనా కావాలి. మళ్లీ అదే, ముందు లేవడం.

రెండోది మరుగుదొడ్డి అలవాటు. ఇంట్లో వెళ్లకుండా వస్తారు, బడిలో వెళ్లడానికి సిగ్గు. ఆపుకుంటారు, నీళ్లు తాగడం మానేస్తారు. ఆడపిల్లలైతే మరీను. తిన్నాక పది నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి, వచ్చినా రాకపోయినా. కొన్ని వారాలకి అదే అలవాటవుతుంది. ఇది ఎవరూ మాట్లాడరు గానీ తరగతిలో సగం చిరాకులకి కారణం ఇదే.

కిరాణా కొట్టు, నరసన్నపేట
జూన్ 2, రాత్రి 10.15

టీచరుగారు చెప్పింది నిజం. పొద్దున్నే మా కొట్టుకొచ్చి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్ కొనుక్కుని ఆటో ఎక్కే పిల్లలు ఎంతమందో. అమ్మేది నేనే, కాబట్టి ఎక్కువ మాట్లాడను.

ఒక ఏర్పాటు చేశాం. కొట్టు వెనక గదిలో మంచం వేసి ఫ్యాను పెట్టాం. ఇంటి నుంచి ఏడున్నరకే క్యారేజీ తెచ్చి పిల్లలకి అక్కడే అన్నం. ఎనిమిదిన్నర దాటాక బేరం పలచబడుతుంది, అప్పుడు మా ఆవిడ వాళ్లని తీసుకుని ఇంటికెళ్లిపోతుంది. నేనొక్కణ్నే కడతాను. ఫోను గల్లాపెట్టెలో పెట్టి తాళం. యూపీఐ మోగినప్పుడల్లా అటు చూస్తారనుకోండి.

ఇద్దరి అమ్మ, విజయనగరం
జూన్ 8, ఉదయం 6.40

ఇదిగో, ఈ వేళకి రాస్తున్నాను, మేస్టారు గమనించాలి. పెద్దాడు ఏడింటికి లేస్తున్నాడు. చిన్నది ఆరున్నరకే లేచి అందర్నీ లేపుతోంది, అది ఇంకో బాధ. ఆయన రెండు రోజులు గట్టు మీదికి తీసుకెళ్లారు, మూడో రోజు వాన. అత్తయ్యగారు కథకి ఒప్పుకున్నారు గానీ ఎనిమిదిన్నరకి కాదు, తొమ్మిదికి, ఆ సీరియల్ అయ్యాక. తొమ్మిదికే సరే అన్నాను.

గోడకి చార్టు కూడా గీశాను. లేవడం, బ్రష్షు, స్నానం, టిఫిను, ఒక్కోదానికి ఒక్కో స్టిక్కరు.

గంటస్తంభం, విజయనగరం
జూన్ 8, ఉదయం 7.05

చార్టు రెండు వారాలు పనిచేస్తుందండి. తర్వాత స్టిక్కర్లకి బేరాలు మొదలవుతాయి. పది స్టిక్కర్లకి ఏం కొంటావు అంటారు. ఉంచండి గానీ దాని మీద ఆధారపడొద్దు. ఒకదాని వెనక ఒకటి అదే వరసలో జరిగితే చాలు, ఏ టైముకి ఏది అన్నది వాళ్లకి అనవసరం. బ్రష్షు తర్వాతే స్నానం, స్నానం అయ్యాకే టిఫిను. వరస మారకపోతే కొన్నాళ్లకి చెప్పే పని తప్పుతుంది.

కిరాణా కొట్టు, నరసన్నపేట
జూన్ 18, రాత్రి 9.50

బడి తెరిచి వారమైంది. ఇవాళ ఒక పని చేశాను. నాలుగో తరగతి చదివే మావాడి బ్యాగు కొట్లో కాటా మీద పెట్టాను. ఐదు కిలోల మూడు వందలు! బెల్లం దిమ్మైనా ఇంత తూగదు. విప్పి చూస్తే రెండు సెమిస్టర్ల పుస్తకాలు, నిరుటి రెండు నోట్సులు, లీటరున్నర నీళ్ల సీసా, గోళీకాయలు అరకిలో దాకా, ఒక ఎండిపోయిన నేరేడు పండు. ఆ రోజు టైంటేబుల్‌లో ఉన్నవి మాత్రం నాలుగు పుస్తకాలు.

ఐదో తరగతి టీచరు, ఆమదాలవలస మండలం
జూన్ 18, రాత్రి 10.05

కేంద్రం 2020లో ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ ప్రకారం బ్యాగు పిల్లాడి బరువులో పదో వంతు మించకూడదు. 3 నుంచి 5 తరగతులకి 1.7 నుంచి 2.5 కిలోలు. అందులోనే ఉంది, రెండో తరగతి దాకా హోంవర్కే వద్దని, 3 నుంచి 5 వాళ్లకి వారం మొత్తం మీద రెండు గంటలు మించొద్దని. ఇది చదివితే ప్రైవేటు స్కూళ్ల పిల్లల తల్లిదండ్రులు నవ్వుతారు, తెలుసు.

బ్యాగు సర్దడం రాత్రి అన్నం తిన్నాక, టైంటేబుల్ ఎదురుగా పెట్టుకుని, పిల్లాడే చెయ్యాలి. మీరు సర్దితే ఏది లేకపోయినా 'అమ్మ పెట్టలేదు సార్' అంటాడు. వాడే సర్దుకుంటే ఒకరోజు పుస్తకం మర్చిపోతాడు, పక్కవాడిది చూసి రాసుకుంటాడు, రెండోసారి మర్చిపోడు. గోళీకాయలు మాత్రం ఉండనివ్వండి, ఇంటర్వెల్‌లో పనికొస్తాయి.

ఇద్దరి అమ్మ, విజయనగరం
జూన్ 19, ఉదయం 8.50

మా రెండో తరగతి దానికి రోజూ మూడు పేజీల కాపీరైటింగ్ ఇస్తున్నారండీ. స్కూలు పేరు చెప్పను. ఇంటికొచ్చేది నాలుగున్నరకి. రాగానే రాయించనా, ఆడుకోనివ్వనా?

చోడి అంబలి, బొబ్బిలి
జూన్ 19, మధ్యాహ్నం 12.10

ముందు ఆట, అక్కా. పొద్దుణ్నుంచి కూర్చునే ఉంది. ఇప్పుడు ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది, వీధిలో వదిలెయ్. దీపం పెట్టే వేళకి కాళ్లు కడుక్కుని పుస్తకం ముందుకి రావాలి. ఇంకో మాట, ఇదే పద్ధతి ఏడాదంతా నడవదు. డిసెంబరు వచ్చేసరికి అయిదున్నరకే చీకటి, అప్పుడు మళ్లీ మార్చుకోవాలి. ఈలోగా దసరా సెలవులు, ఆ తర్వాత మంగళవారం మీకు పైడితల్లమ్మ సిరిమానోత్సవం. చుట్టాలు, తీర్థం, అర్ధరాత్రి దాకా జాతర. ఎంత కట్టుదిట్టంగా పెట్టినా అప్పుడు తెగిపోతుంది, బాధపడొద్దు. పిల్లలకి సిరిమాను చూపించకుండా తొమ్మిదికి పడుకోబెడితే పాపం తగులుతుంది కూడా. తర్వాత మళ్లీ పదిహేను నిమిషాల లెక్కే.

ఉద్దానం కొబ్బరి, కవిటి
జూన్ 21, సాయంత్రం 6.20

చిన్నోడు వాయిస్ పెడుతున్నాడు. ఒక్కోసారి పావుగంట మాట్లాడతాడు, వాళ్లమ్మ విని నవ్వలేక చస్తున్నాదంట. కడుపు నొప్పి సోమవారాలు మాత్రం వస్తోంది. మేస్టర్లని ఒక మాట అడగాలి. బడిలో ఇచ్చిన కిట్టులోని యూనిఫాం బట్ట దర్జీ ఇంకా కుట్టి ఇవ్వలేదు. ఉన్న పాత జత వానకి తడిసి ఆరట్లేదు. తడి చొక్కాతో పంపనా, మానిపించనా?

ఐదో తరగతి టీచరు, ఆమదాలవలస మండలం
జూన్ 21, రాత్రి 7.30

తడి బట్టలతో వద్దు మామ్మగారూ, మానిపించనూ వద్దు. రంగు చొక్కా వేసి పంపండి. జూలై దాకా దర్జీల దగ్గర ఇదే రద్దీ అని మాకూ తెలుసు, ఎవరూ ఏమీ అనరు. ఒకవేళ అంటే దర్జీ దగ్గర ఉందని బాబునే చెప్పమనండి. పాత జత ఉంటే బడి నుంచి రాగానే ఉతికి, గట్టిగా పిండి, ఫ్యాను కింద ఆరేయండి. పొద్దున్నకి చెమ్మగా ఉంటే ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. ముఖ్యంగా సోమవారం మానిపించకండి.